సెక్రటరీగారి నియోజకవర్గం: లిండన్ జాన్సన్ తొలి ఏళ్లు

నమస్కారం. ఈ హాల్లో సగం మంది ఎమ్మెల్యేల దగ్గరో మంత్రుల పేషీల్లోనో పనిచేస్తున్నవాళ్లని, మిగతా సగం రాజనీతిశాస్త్రం చదువుతున్న పిల్లలని నిర్వాహకులు చెప్పారు. అందుకే సిద్ధాంతాల జోలికి పోకుండా ఒక్క మనిషి ఉద్యోగం గురించే మాట్లాడతాను. ఆ మనిషి లిండన్ జాన్సన్.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఆ పేరు గోధుమలతో కలిసి గుర్తుంటుంది. 1965, 66 కరువు రోజుల్లో పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చే గోధుమల్ని ఏడాదికి సరిపడా ఒక్కసారే ఒప్పుకోకుండా, ఇన్ని నెలలకు ఇంత అని కొంచెం కొంచెంగా వదిలిన అమెరికా అధ్యక్షుడు ఆయనే. ఢిల్లీకి ఒళ్లు మండింది, సరే. ఎదుటివాడి అవసరం మన బల్ల మీద ఫైలుగా ఉన్నంతసేపే మన మాటకు విలువ అన్న సంగతి మాత్రం ఆయనకు అధ్యక్షుడయ్యాక తెలిసింది కాదు. 23 ఏళ్ల వయసులో, ఒక అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడి (కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు, పార్టీ కాదు) సెక్రటరీగా ఉత్తరాల బస్తాలు విప్పుతున్నప్పుడు తెలిసింది. ఆ ఆరేళ్ల కాలం, 1931 చివరి నుంచి 1937 దాకా, ఇవాళ్టి విషయం. తర్వాతి కథ ఎక్కడైనా దొరుకుతుంది.

ముందు నేపథ్యం, గబగబా. 1908 ఆగస్టు 27న టెక్సాస్‌లోని స్టోన్‌వాల్ దగ్గర పుట్టాడు. తండ్రి శామ్ టెక్సాస్ రాష్ట్ర శాసనసభలో సభ్యుడు, తర్వాత అప్పుల్లో కూరుకుపోయినవాడు. కొడుకు శాన్ మార్కస్‌లో టీచర్ల కాలేజీలో చదివాడు. మధ్యలో ఒక ఏడాది కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. 1930లో డిగ్రీ పుచ్చుకుని హ్యూస్టన్‌లోని శామ్ హ్యూస్టన్ హైస్కూల్లో వక్తృత్వం, డిబేట్ నేర్పే మాస్టారయ్యాడు. ఆ డిబేట్ క్లాసు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1931 నవంబరులో టెక్సాస్ 14వ నియోజకవర్గం సభ్యుడు చనిపోయాడు. ఉప ఎన్నికలో రిచర్డ్ క్లెబర్గ్ గెలిచాడు. కింగ్ రాంచ్ అని టెక్సాస్‌లో ఒక మహా పశుక్షేత్రం ఉంది. ఆ కుటుంబం వాడు. డబ్బుకు కొదవ లేదు, గోల్ఫ్ మీద మక్కువ ఉంది, ఆఫీసులో కూర్చునే ఓపిక లేదు. సెక్రటరీ కావాలన్నప్పుడు వెల్లీ హాప్కిన్స్ అనే రాష్ట్ర రాజకీయ నాయకుడు జాన్సన్ పేరు చెప్పాడు. అంతకుముందు ఏడాది హాప్కిన్స్ ఎన్నికల్లో ఈ కుర్రాడు ఊరూరా తిరిగి పనిచేశాడు. అంటే ఈ ఉద్యోగం దరఖాస్తు పెడితే రాలేదు, ఇంకొకరి ఎన్నికలో చేసిన చాకిరీకి వచ్చింది. ఇక్కడ కూర్చున్న పీఏల్లో చాలామందికి ఈ దారి కొత్త కాదు.

జీతం లెక్క చూడండి. అప్పట్లో కాంగ్రెస్ దిగువసభ అయిన ప్రతినిధుల సభ సభ్యుడికి సిబ్బంది కోసం ఏడాదికి 5,000 డాలర్లు ఇచ్చేవారు. అందులో ఒక్క మనిషికి 3,900కు మించి ఇవ్వకూడదు. జాన్సన్‌కు ఆ 3,900 వచ్చాయి. మిగిలింది 1,100. ఆ డబ్బుతో ఇంకెవరిని పెట్టుకుంటారు? శాన్ ఆంటోనియో నగరం నుంచి కోర్పస్ క్రిస్టీ సముద్రతీరం దాకా నియోజకవర్గం, ఆర్థిక మాంద్యం రోజులు, రోజూ బస్తాల కొద్దీ ఉత్తరాలు. జాన్సన్ ఏం చేశాడంటే హ్యూస్టన్‌లో తన డిబేట్ జట్టు కుర్రాళ్లు ఇద్దరిని, జీన్ లాటిమర్‌ని, లూథర్ జోన్స్‌ని పిలిపించాడు. లాటిమర్‌కి సభ పోస్టాఫీసులో ఒక చిన్న ఉద్యోగం వేయించాడు. జీతం అక్కడ, తీరిక దొరికిన ప్రతి గంటా చాకిరీ ఇక్కడ. సభ్యుడి ఖాతా మీద భారం పడకుండా మనిషి వచ్చాడు. మనవాళ్లు డెప్యుటేషన్ మీద గుమస్తాని పేషీకి తెచ్చుకోవడం లాంటిదే అనుకోండి.

ఇప్పుడు ఉత్తరాల దగ్గరికి వద్దాం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

ఒక శాసనసభ్యుడి ఆఫీసుకు వచ్చే టప్పాలు మూడు రకాలు. చట్టం మీద అభిప్రాయం చెప్పేవి, ఉద్యోగమో కాంట్రాక్టో అడిగేవి, ప్రభుత్వ దఫ్తరంలో ఇరుక్కున్న సొంత పని గురించి మొరపెట్టుకునేవి. మూడో రకమే ఓట్లు తెస్తుంది, మూడో రకాన్నే అందరూ పక్కన పడేస్తారు. ఎందుకంటే దానికి ఒక్క ఉత్తరంతో తీరదు. సంబంధిత శాఖకు రాస్తే వాళ్లు మూడు వారాలకు 'పరిశీలనలో ఉంది' అంటారు. ఆ ముక్కనే పైన మన లెటర్‌హెడ్ తగిలించి ఓటరుకు పంపిస్తే అతనికి ఒరిగేదేమీ లేదు, ఒక స్టాంపు ఖర్చు తప్ప.

జాన్సన్ ఆఫీసు ఈ పనిని ఎలా చేసిందో విడగొట్టి చూపిస్తాను. మొదటిది, వచ్చిన ఉత్తరానికి ఆ రోజే జవాబు వెళ్లాలి. పని అయిందా లేదా అన్నది తర్వాత సంగతి. 'మీ ఉత్తరం అందింది, ఫలానా శాఖతో మాట్లాడుతున్నాం' అన్న మాట ముందు చేరాలి. రెండోది, శాఖకు ఉత్తరం కాదు, ఫోను. ఫోను కూడా శాఖకు కాదు, ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఆ మనిషికి. ఆ పేరు కనుక్కోవడమే సగం పని. పైఅధికారికి చెబితే ఆయన కిందికి పంపుతాడు, కిందివాడికి అది ఇంకో కాగితం. కిందివాడికే నేరుగా చెబితే, పైగా మర్యాదగా చెబితే, అది ఒక మనిషి అడిగిన సాయం. మూడోది, లేదు అన్న జవాబు వస్తే అక్కడితో ఆగకూడదు. ఏ నిబంధన కింద లేదన్నారో అడిగి, ఆ నిబంధన ఏ కాగితం కోరుతోందో తెలుసుకుని, ఓటరు చేత ఆ కాగితం తెప్పించాలి. నాలుగోది, పని అయినప్పుడు ఆ కబురు శాఖ కంటే ముందు సభ్యుడి సంతకంతో వెళ్లాలి. ఈ నాలుగోది మీకెవరికీ నేను చెప్పక్కర్లేదు, చూస్తున్నాను, నవ్వుతున్నారు.

మాజీ సైనికుల పింఛన్లు దీనికి మంచి ఉదాహరణ. శాన్ ఆంటోనియోలో ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లు ఆ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. 1932 వేసవిలో యుద్ధ సేవకు ఇస్తామన్న బోనస్ కోసం దేశం నలుమూలల నుంచి మాజీ సైనికులు వాషింగ్టన్ చేరి గుడారాలు వేసుకుంటే, జూలై 28న సైన్యాన్ని పెట్టి తరిమేశారు. అంత వేడిగా ఉన్న సమస్య. వికలాంగ పింఛను దరఖాస్తుల్లో చిక్కు ఎప్పుడూ ఒక్కచోటే పడేది. ఈ జబ్బు సైన్యంలో ఉండగా వచ్చిందా, బయటికొచ్చాక వచ్చిందా? సైన్యంలో వచ్చినట్టు రుజువు లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. మనిషి మాత్రం మళ్లీ మళ్లీ తన బాధే రాస్తాడు, రుజువు రాయడు. అంచేత సెక్రటరీ చేయాల్సింది జాలి చూపడం కాదు. ఏ ఏడాది, ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, తోటి సైనికుల్లో సాక్షి ఎవరు అని ప్రశ్నలు వేసి ఫైలు నింపించడం. ఎన్ని దరఖాస్తులైనా నిలబడేది, పడిపోయేది ఇక్కడే. మన రెవెన్యూ కచేరీలో పట్టాదారు పాసుపుస్తకం పనులు కూడా ఎక్కువ పాళ్లు కాగితం లోటు వల్లే ఆగుతాయి, అధికారి దుర్మార్గం వల్ల కాదు. దుర్మార్గం ఉండదని అనడం లేదు. ముందు కాగితం చూడమంటున్నాను.

వెనక జరిగిన బాగోతం కూడా చెప్పాలి. జాన్సన్ ఫోన్లో తనే క్లెబర్గ్‌నని చెప్పుకుని మాట్లాడేవాడు. సభ్యుడి గొంతు అయితే పని తొందరగా అవుతుంది కదా. క్లెబర్గ్‌కు అభ్యంతరం లేదు. కాని ఇది ప్రమాదమైన అలవాటు. ఒకసారి ఇవ్వకూడని మాట ఇస్తే అది ఎవరి మాట? సభ్యుడిది. తెలియకుండా ఇచ్చిన మాట. ఆ ఇద్దరు కుర్రాళ్ల సంగతి కూడా అంతే. వారానికి ఏడు రోజులు, రాత్రి పొద్దుపోయేదాకా. టైపులో ఒక్క తప్పు పడితే ఉత్తరం మొత్తం మళ్లీ కొట్టించేవాడు. ఒకడి మీదికి ఇంకొకణ్ని పోటీకి ఉసిగొల్పేవాడు. పని నాణ్యత పెరిగిన మాట నిజమే. చివరికి మనుషులు అలిసిపోయిన మాటా నిజమే. తర్వాతి జీవితంలో జాన్సన్ దగ్గర పనిచేసినవాళ్లలో చాలామంది ఈ రెండూ చెప్పారు.

చట్టాల మీద వచ్చే ఉత్తరాల్ని కూడా ఆయన లెక్కపెట్టేవాడు. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. పంట తగ్గించిన రైతుకు డబ్బు ఇచ్చే పథకం. ఆ ఏడే సుమారు కోటి ఎకరాల పత్తిని దున్నించేశారు, ధర పెరగాలని. క్లెబర్గ్ ధనవంతుడు, ఆయన దృష్టిలో ఇది సోషలిజం. వ్యతిరేకంగా ఓటు వేస్తానన్నాడు. నియోజకవర్గం ఉత్తరాలు చూస్తే అన్నీ చట్టానికి అనుకూలం. ఓటు వేయకపోతే నేను రాజీనామా చేస్తానని సెక్రటరీ పట్టుబట్టాడు, సభ్యుడు తగ్గాడు. ఈ సంఘటనకు రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. సెక్రటరీ నియోజకవర్గం గొంతు వినిపించాడని ఒకటి. గెలవనివాడు గెలిచినవాడి ఓటును నడిపించాడని ఇంకొకటి. నా మట్టుకు నేను రెండోదాన్ని కొట్టిపారేయలేను.

ఇంకో చిన్న ముచ్చట, లిటిల్ కాంగ్రెస్ అని. కాంగ్రెస్ సభ్యుల సెక్రటరీలు పెట్టుకున్న సంఘం. సభలాగే నియమాలు, చర్చలు, ఒక స్పీకరు. మందకొడిగా నడిచేది, పదవులు వరస ప్రకారం పాతవాళ్లకు వెళ్లేవి. 1933 ఏప్రిల్లో జాన్సన్ దాని స్పీకరు పదవికి నిలబడ్డాడు. నియమావళి చదివి చూస్తే చందా కట్టిన శాసనసభ ఉద్యోగి ఎవరైనా సభ్యుడే అని ఉంది. సెక్రటరీలే అని లేదు. వెంటనే లిఫ్టు నడిపేవాళ్లను, సభ పోస్టాఫీసులో ఉత్తరాలు పంచేవాళ్లను చేర్పించి ఓట్లు వేయించుకున్నాడు. గెలిచాక మాత్రం ఆ సంఘానికి ఊపిరి పోశాడు. హ్యూయీ లాంగ్ లాంటి పేరున్న సెనేటర్లను పిలిచి మాట్లాడించాడు, పత్రికలవాళ్లు రావడం మొదలుపెట్టారు. నిబంధనలో రాసిలేనిదాన్ని వెతకడం అన్న ఈ కళ తర్వాత చాలాసార్లు కనిపిస్తుంది, అందంగానూ అసహ్యంగానూ.

ఇంతవరకూ పీఏ పని. ఎంత బాగా చేసినా ఒక గోడ తగులుతుంది. నియోజకవర్గంలో అందరూ కృతజ్ఞతగా ఉన్నారు, కాని ఎవరికి? ఉత్తరం కింద సంతకం క్లెబర్గ్‌ది. పీఏ పేరు పదిమంది నాయకులకు తెలుస్తుంది, పదివేలమంది ఓటర్లకు తెలియదు. పైగా క్లెబర్గ్ సీటు ఖాళీ అయ్యేది కాదు. ఆయన 1945 జనవరి దాకా సభలోనే ఉన్నాడు. ఇక్కడ ఆగిపోయినవాళ్లే ఎక్కువ. జాన్సన్ గోడ దాటిన తీరు చూడండి: ఇంకో ఉద్యోగంలోకి వెళ్లాడు. తన సొంత పేరు మీద జనానికి ఏదైనా అందే ఉద్యోగం.

1935 జూన్ 26న రూజ్వెల్ట్ నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ పెట్టాడు. నిరుద్యోగ యువతకు పని, చదువుకునేవాళ్లకు సాయం. టెక్సాస్ రాష్ట్ర డైరెక్టరుగా జాన్సన్ నియామకమైనప్పుడు ఆయన వయసు 26. దేశంలో ఆ స్థాయి డైరెక్టర్లలో చిన్నవాడు. ఒకప్పుడు తండ్రికి శాసనసభలో సహచరుడు, అప్పటికి కాంగ్రెస్ సభ్యుడు అయిన శామ్ రేబర్న్ అండ ఇక్కడ కలిసొచ్చింది. క్లెబర్గ్ దగ్గర ఖాళీ అయిన కుర్చీలో సొంత తమ్ముణ్ని కూర్చోబెట్టి మరీ వెళ్లాడు. అదొక చమత్కారం.

పథకంలో రెండు భాగాలు. కాలేజీ విద్యార్థికి నెలకు సుమారు 15 డాలర్లు, హైస్కూలు పిల్లవాడికి 6 డాలర్లదాకా, అక్కడే ఏదో పని చేయించుకుని ఇవ్వడం ఒకటి. బడి మానేసినవాళ్లకు ప్రజాపనులు చూపించడం రెండోది. ఈ రెండో భాగంలోనే చాలా రాష్ట్రాలు తడబడ్డాయి. కేంద్రం ఇచ్చేది ముఖ్యంగా కూలి డబ్బే. సిమెంటు, కలప, పనిముట్లు, మేస్త్రీ ఎవరిస్తారు? స్థానిక సంస్థ ఇవ్వాలి. మాంద్యంలో ఉన్న ఊరి మునిసిపాలిటీ దగ్గర ఏముంటుంది? టెక్సాస్‌లో 254 కౌంటీలు, మన జిల్లాల్లాంటివి. అన్ని చోట్లా ఒక్కో సంస్థతో బేరమాడుతూ కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. జాన్సన్ జట్టు రాష్ట్ర రహదారుల శాఖను పట్టుకుంది. హైవేల పక్కన ప్రయాణికులు ఆగడానికి చిన్న పార్కులు: నీడ, రాతి బల్లలు, పొయ్యి. స్థలం, సామాన్లు, పర్యవేక్షణ రహదారుల శాఖవి, కూలి డబ్బు వీళ్లది. ఒకే ఒప్పందం, రాష్ట్రమంతా పనులు. రోడ్డు ఎటూ అన్ని కౌంటీల్లోంచీ పోతుంది కదా. మన ఉపాధి హామీలో కూలి, సామగ్రి పద్దులు చూసినవాళ్లకు ఈ ఉపాయం విలువ ఇట్టే తెలుస్తుంది.

ఈ ఉద్యోగం ఆయనకిచ్చినవి రెండు. ఒకటి పేరు. రెండోది, రేపు నేను నిలబడతానంటే ఉద్యోగం వదిలి వెంట వచ్చే జట్టు.

1937 ఫిబ్రవరి 22న 10వ నియోజకవర్గం సభ్యుడు జేమ్స్ బుకానన్ చనిపోయాడు. ఆస్టిన్ నగరం ఉన్న నియోజకవర్గం, పది కౌంటీలు. జాన్సన్ ఆ కబురు హ్యూస్టన్‌లో పత్రికలో చూశాడు. ఆల్విన్ విర్ట్జ్ అనే లాయరు, మాజీ రాష్ట్ర సెనేటరు, ఆయనకు రాజకీయ గురువు. పోటీకి ఎంతవుతుందంటే 10,000 డాలర్లు అన్నాడు. భార్య లేడీ బర్డ్ తల్లి నుంచి తనకు రావాల్సిన ఆస్తి మీద తండ్రిని అడిగి ఆ 10,000 తెప్పించింది. బుకానన్ భార్య పోటీ చేస్తుందని మాట వినిపించింది. చనిపోయినవాడి భార్య నిలబడితే సానుభూతి ఎటుపోతుందో మనకు తెలియనిదా! ఆమె ప్రకటించకముందే నువ్వు ప్రకటించు, పోటీ ఉందని తెలిస్తే ఆమె దిగదు అని తండ్రి శామ్ సలహా ఇచ్చాడంటారు. అలాగే ప్రకటించాడు. ఆమె దిగలేదు.

బరిలో మరో ఏడెనిమిది మంది. అందరూ ఈయనకంటే ఎరిగున్న ముఖాలే. ఒకరు అసిస్టెంట్ అటార్నీ జనరల్, ఒకరు కౌంటీ జడ్జి, ఒకరు రాష్ట్ర సెనేటరు. ఇంకొకరు సి.ఎన్. ఏవరీ. ఈ పేరు మీద కాసేపు ఆగుదాం. ఏవరీ ఎవరంటే పోయిన బుకానన్‌గారి ఎన్నికల వ్యవహారాలు ఏళ్ల తరబడి చూసిన మనిషి. అంటే ఆ ఎన్నికలో ఇద్దరు సహాయకులు నిలబడ్డారు. ఒకడు ఆ సీటుకే చెందిన సహాయకుడు, పాత నాయకుడి మనుషులంతా చేతిలో ఉన్నవాడు. ఇంకొకడు పక్క నియోజకవర్గం సభ్యుడి మాజీ సెక్రటరీ. వారసత్వం లెక్కన చూస్తే ఏవరీ గెలవాలి. ఏవరీకి ఐదో స్థానం దక్కింది, 3,951 ఓట్లతో. నాయకుడు బతికున్నప్పుడు కార్యకర్తలు మనకు చేసే నమస్కారం ఆయన కుర్చీకి చేసేది. కుర్చీ ఖాళీ అయ్యాక అది ఎటు తిరుగుతుందో వాళ్లకే తెలియదు.

జాన్సన్ ఎలా గెలిచాడన్నదానికి లెక్కే జవాబు. ఇది ప్రత్యేక ఎన్నిక. పార్టీ తన అభ్యర్థిని ఓటింగుతో ఎంచుకునే ప్రైమరీ లేదు, రెండో రౌండు లేదు. ఒక్క విడత, ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే, అచ్చం మన ఉప ఎన్నికలాగే. ఎనిమిది తొమ్మిది మంది ఓట్లు చీల్చుకుంటే సగం అక్కర్లేదు, పావు కంటే కొంచెం ఎక్కువ చాలు. కాబట్టి అందరికీ నచ్చే మాట చెప్పడం దండగ. ఒక గుంపుకు గట్టిగా నచ్చాలి. ఫిబ్రవరి 5న రూజ్వెల్ట్ సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్యను 9 నుంచి 15 దాకా పెంచుకునే ప్రతిపాదన పెట్టాడు. దేశమంతా రచ్చ. తక్కిన అభ్యర్థుల్లో కొందరు కూడా రూజ్వెల్ట్ మనుషులే, అయినా ఈ కోర్టు సంగతి వచ్చేసరికి నీళ్లు నమిలారు, ఒకరిద్దరు ఎదిరించారు. జాన్సన్ మాత్రం మొదటి రోజు నుంచీ నేను అధ్యక్షుడి వైపు, కోర్టు సంగతితో సహా అన్నాడు. రాష్ట్ర నాయకుల్లో రూజ్వెల్ట్ మీద విసుగు మొదలైంది కాని పల్లెల్లో రైతుకు ఆయనే దేవుడు. పల్లె ఓటరు మీదే గురి.

దానికి తగ్గట్టే ప్రచారం. పెద్ద సభలు ఆస్టిన్‌లో పెట్టి మిగతావాళ్లు తృప్తిపడితే, ఈయన కారు దిగి పొలంగట్ల మీద నడిచి దుక్కి దున్నుతున్న రైతును పలకరించేవాడు. అభ్యర్థి ముఖం ఎప్పుడూ చూడని మూలలకు వెళ్లేవాడు. ఎన్నికకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 8న, అపెండిసైటిస్‌తో కూలబడ్డాడు. ఆపరేషన్ చేశారు. ఏప్రిల్ 10న పోలింగు, అభ్యర్థి ఆస్పత్రి మంచం మీద. ఫలితం: జాన్సన్ 8,280, రెండోస్థానం మెర్టన్ హారిస్ 5,111. పోలైన ఓట్లు 30,000కు దగ్గర్లో. అంటే సుమారు 28 శాతంతో శాసనకర్త అయ్యాడు. ఆ కోర్టు బిల్లు మాత్రం ఆ వేసవిలోనే సెనేట్‌లో చచ్చిపోయింది, దాని మీద ఓటు వేయాల్సిన అవసరమే ఈయనకు రాలేదు!

మే 11న గాల్వెస్టన్ రేవులో చేపల వేట ముగించుకుని వస్తున్న రూజ్వెల్ట్‌ను కలిశాడు, ఆయన రైల్లోనే కొంత దూరం ప్రయాణం చేశాడు. మే 13న ప్రమాణం. కొత్త సభ్యుడికి మొదటి ఏడాది టాయిలెట్ ఎక్కడో తెలుసుకోవడానికే సరిపోతుందని అక్కడ కూడా హాస్యమాడతారు. ఈయనకు ఆ బాధ లేదు. ఏ శాఖలో ఎవరి బల్ల ఎక్కడో ఆరేళ్ల కిందటే తెలుసు. ఇదిగో, సెక్రటరీగా పడ్డ కష్టం పనికొచ్చింది ఇక్కడ. గెలవడానికి కాదు, గెలిచాక.

రెండు పనులు చెబుతాను. మొదటిది మార్షల్ ఫోర్డ్ డ్యాము, ఇప్పుడు మాన్స్‌ఫీల్డ్ డ్యాము అంటారు, కొలరాడో నది మీద. ఈ కొలరాడో టెక్సాస్ నది, గ్రాండ్ క్యానియన్‌లోది కాదు. బుకానన్ ఖర్చుల కమిటీ అధ్యక్షుడు. ఆ పలుకుబడితో డబ్బు తెచ్చేశాడు, పని మొదలైంది, బ్రౌన్ అండ్ రూట్ కంపెనీ యంత్రాలు దింపేసింది. కాని కాంగ్రెస్ అధికారిక అనుమతి లేదు. మన భాషలో చెప్పాలంటే నిధులు విడుదలయ్యాయి, పరిపాలనా అనుమతి జీవో లేదు. దాని మీద ఇంకో చిక్కు. కేంద్రం డ్యాము కట్టాలంటే ఆ భూమి కేంద్రానిదై ఉండాలి. టెక్సాస్ 1845లో యూనియన్‌లో చేరినప్పుడు తన ప్రభుత్వ భూములు తనే ఉంచుకుంది. నది అడుగు నేల రాష్ట్రానిది. బుకానన్ బతికుంటే ఎవరూ అడగరు. పోయాడు కాబట్టి ఆడిటర్లు అడగడం మొదలుపెట్టారు. పలుకుబడి మీద నిలబెట్టిన పనికి ఎప్పుడూ ఇదే గండం: మనిషితోపాటే పోతుంది. జాన్సన్ 1937 వేసవిలోనే ఆ అనుమతిని నదులు, రేవుల బిల్లులో చేర్పించి గట్టెక్కించాడు. కంపెనీవాళ్లు ఆ మేలు మరచిపోలేదు. తర్వాత ఆయన ఎన్నికలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దారి ఇటే పోతుంది.

రెండోది కరెంటు. హిల్ కంట్రీ అని ఆయన పుట్టిన ప్రాంతం. రాళ్ల నేల, దూరదూరంగా ఇళ్లు. నూతిలో నీళ్లు చేదుకుని, కట్టెల పొయ్యి మీద ఇస్త్రీపెట్టె కాల్చుకుని బతుకుతున్న ఆడవాళ్లు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పు ఇస్తుంది, సహకార సంఘం పెట్టుకుంటే. షరతు: మైలు లైనుకు కనీసం 3 ఇళ్లు ఉండాలి. ఎందుకంటే స్తంభాలు, తీగ ఖర్చు ఇళ్ల మీద పంచితేనే నెల బిల్లుతో అప్పు తీరుతుంది. షరతు తప్పు కాదు, లెక్క సరైనదే. కాని ఆ లెక్క ప్రకారం హిల్ కంట్రీకి ఎప్పటికీ కరెంటు రాదు. సభ్యత్వానికి 5 డాలర్లు కట్టమంటే రైతులు భయపడ్డారు. అప్పు తీరకపోతే సంఘం మా పొలం పట్టుకుపోతుందా అని. ఊరూరా మీటింగులు పెట్టి చేర్పించారు, అయినా మైలుకు 3 రాలేదు. శాఖ ఒప్పుకోలేదు. జాన్సన్ నేరుగా రూజ్వెల్ట్ దగ్గరికి వెళ్లాడు, అధ్యక్షుడు సంస్థ అధిపతికి చెప్పి షరతు సడలించాడు. 1938 సెప్టెంబరులో పెడర్నేల్స్ విద్యుత్ సహకార సంఘానికి 13,22,000 డాలర్ల అప్పు మంజూరైంది. 1,830 మైళ్ల లైను, 2,892 కుటుంబాలు. భాగించి చూడండి, మైలుకు 1.6 కూడా లేదు. 1939 నవంబరులో దీపాలు వెలిగాయి. కరెంటు వాడకం పెరుగుతుందని, ఒక బల్బుతో మొదలెట్టిన ఇల్లు మోటారు పెడుతుందని ఆయన వాదన. శాఖ లెక్కలో ఆ పెరుగుదల గడి లేదు. రాయలసీమలో బోరు మోటార్లకు లైన్లు లాగిన చరిత్ర తెలిసినవాళ్లకు ఈ వాదన ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

చెడ్డ సంగతులు కూడా చెప్పి ముగిస్తాను. 1941 జూన్‌లో సెనేట్ ప్రత్యేక ఎన్నికలో 1,311 ఓట్లతో ఓడిపోయాడు. కారణం చిన్నది, నేర్చుకోదగ్గది. తనకు గట్టిగా ఉన్న ప్రాంతాల లెక్కలు ముందే బయటపెట్టించాడు. అవతలివాళ్లకు ఇంకెన్ని కావాలో తెలిసిపోయింది, ఆలస్యంగా వచ్చే పెట్టెల్లో అవి దొరికాయి. 1948లో మళ్లీ సెనేట్‌కు నిలబడ్డప్పుడు ఆయన ఆ తప్పు చేయలేదు. ప్రైమరీ రెండో విడతలో పది లక్షలకు దగ్గరగా పోలైన ఓట్లలో 87 తేడాతో గెలిచాడు. పోలింగు అయిన ఆరు రోజులకు ఆలిస్ అనే ఊరి 13వ నంబరు పెట్టెలో 200 ఓట్లు కొత్తగా కనిపించాయి. లిఫ్టు కుర్రాళ్ల చేత చందా కట్టించిన రోజు నుంచి ఇక్కడికి దారి ఎంత దూరమో మీరే కొలుచుకోండి.

ప్రశ్నలు వచ్చినట్టున్నాయి. చీటీ మీద రాశారు: 'మన దగ్గర పీఏ నిలబడాలంటే ఉద్యోగం ఎప్పుడు వదలాలి?' ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న పీఏ అయితే లాభదాయక పదవి కిందికి వస్తుంది. ఎమ్మెల్యేకి రాజ్యాంగం 191, ఎంపీకి 102. అర్హత చూసేది నామినేషన్ల పరిశీలన రోజున. ఆ రోజుకు రాజీనామా ఇవ్వడం కాదు, అది ఆమోదమై చేతిలో ఉండాలి. శాఖ నుంచి ఆమోదపత్రం ఆలస్యమై నామినేషన్ పోయే ప్రమాదం ఇక్కడే. పార్టీ జీతం మీద, నాయకుడి సొంత జీతం మీద ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. అమెరికాలో ఆ రోజుల్లో సభ్యుడయ్యాక వేరే కేంద్ర పదవిలో ఉండకూడదన్నదే నిబంధన. కేంద్ర ఉద్యోగులు ఎన్నికల పని చేయకుండా హ్యాచ్ చట్టం వచ్చింది 1939లో, జాన్సన్ ఎన్నికైన రెండేళ్లకు.

ఇంకొకటి: 'మన దేశంలో పీఏలు రాజ్యసభకే ఎందుకు వెళ్తారు?' మంచి ప్రశ్న. ఇందిరాగాంధీ దగ్గర పనిచేసిన ఆర్.కె. ధావన్ 1990లో రాజ్యసభకు వెళ్లారు. నీతీశ్ కుమార్ దగ్గర పనిచేసిన ఐఏఎస్ అధికారి ఆర్.సి.పి. సింగ్ 2010లో. కారణం లెక్కలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేలు, మూడు సీట్లకు ఎన్నిక అనుకోండి. 175ని నాలుగుతో భాగిస్తే 43.75, అంటే 44 మంది ఓటు వేస్తే సీటు ఖాయం. ఆ 44 మందీ నాయకుడి మాట వింటారు. పీఏకి ఓటరు ఒక్కడే, ఆ నాయకుడు. జాన్సన్ ఎవరి దగ్గర పనిచేశాడో ఆ క్లెబర్గ్‌ ఆయనకు సీటు ఇవ్వలేడు, ఇవ్వలేదు. పక్క నియోజకవర్గంలో రైతుల దగ్గరికి నడవాల్సి వచ్చింది.

చివరి చీటీ: 'జాన్సన్ దగ్గర పనిచేసినవాళ్లలో ఎవరైనా శాసనకర్తలయ్యారా?' అయ్యారు. జాన్ కానలీ గవర్నరయ్యాడు, అది శాసనసభ కాదు. జేక్ పికిల్ అని ఒకాయన, యూత్ అడ్మినిస్ట్రేషన్లో పనిచేసి, జాన్సన్ ఎన్నికల్లో తిరిగినవాడు. 1963 డిసెంబరులో, జాన్సన్ అధ్యక్షుడైన నెల తిరక్కముందే, అదే 10వ నియోజకవర్గంలో ప్రత్యేక ఎన్నిక గెలిచాడు. 1995 జనవరి దాకా ఆ సీటులోనే ఉన్నాడు.